మడ్గార్డు అంచు

గంగారత్నం కారు వీధి మలుపు తిరిగిందంటే తలెత్తి చూడక్కర్లేదు, వాసనే చెప్పేస్తుంది. తెల్లటి అంబాసిడరు. డాక్టర్లూ ప్లీడర్లూ ఎక్కాల్సిన బండి. ఈవిడ దాని వెనక సీటు పీకించి, ఐసు కొట్టి, కొల్లేటి చేపల గంపలు పేర్చి ఆకివీడు నుంచి బెజవాడ మార్కెట్టుకి తెచ్చేది. ఆ బరువుకి మామూలు టైర్లు ఆగక లావుపాటివి వేయించింది. ఇక గతుకొచ్చినప్పుడల్లా మడ్గార్డు అంచు టైరుని గీరడం, రబ్బరు కంపు చేపల కంపుతో పోటీ పడడం.

అంచు లోపలికి మడిపిద్దామంటే తమ్ముడు కాశీరావు నసుగుతూ వచ్చాడు. హైదరాబాదులో ఎవరో డాక్టరు దగ్గర కొన్నానంటూ ఆ కారు తెచ్చి ఆమెకి అమ్మిందీ వాడే, నడిపేదీ వాడే.

"రంగు పెచ్చులూడుద్దక్కా. రెండు గంపలు తగ్గిస్తే పోలా?"

నా బండంటే వీడికెంత ప్రాణమో అని మురిసిపోయింది పిచ్చితల్లి. కడుపున పుట్టినవాళ్ళు లేని ఆమెకి కొడుకైనా తమ్ముడైనా వాడే. ఏడాదిన్నర కిందట దివిసీమ ఉప్పెనలో పెద్దక్క దానమ్మ గల్లంతయ్యాక మరీను.

చివరికి ఒక మే నెల మధ్యాహ్నం వాణ్ణి లాక్కుని ఆటోనగర్‌లో కార్ల రేకుపని చేసే టింకరు కొండలయ్య షెడ్డుకి వెళ్ళింది.

"రంగు పెచ్చు లేచిందో, నీ షెడ్డు ముందు కూచుని చేపలు తోముతా" అని ముందే చెప్పింది.

"నా చేతిలో రంగు లేవడమా?" అన్నాడు కొండలయ్య, ఉడుక్కుంటూ.

వేడినీళ్ళలో ముంచిన గోనెపట్టా మడ్గార్డు మీద కప్పాడు. వేడికి రంగు మెత్తబడి, రేకుతోపాటే వంగుతుందట. తరవాత టైరుకీ అంచుకీ మధ్య సైకిలు ట్యూబు చుట్టిన రోకలి దూర్చి, బండిని మెల్లగా తోయమన్నాడు. టైరు తిరుగుతూ రోకలిని నొక్కింది. రోకలి దొర్లుతూ అంచుని లోపలికి వత్తింది. సుత్తి దెబ్బ లేదు, గీత పడలేదు. దోసె అంచు మడిచినట్టు మడిచేశాడు. గంగారత్నం వేలితో తడిమి చూసి, నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం అంటే మెచ్చుకోవడమే.

రెండో వైపు సగం మడిచేసరికి రంగు బుడగలా ఉబ్బింది. అరచేయంత పెచ్చు, లోపలి లప్పంతో సహా ఊడి కింద పడింది.

"ఇది నా తప్పు కాదమ్మా! ఈ బండి ఉప్పునీళ్ళలో నానింది. తుప్పు మీదే లప్పం పెట్టి రంగు కొట్టారు. ఎవడో మిమ్మల్ని నిలువునా ముంచాడు" అంటూ కొండలయ్య ఇంకాస్త గీకాడు.

తెల్లరంగు కింద నీలం. నీలం మీద ఎర్రగా, పక్కనే పసుప్పచ్చగా అలల గీత.

గంగారత్నం వంగి ఆ గీత మీద వేలు పెట్టింది. అది కార్లకి వేసే గీత కాదు, పడవలకి వేసేది. దానమ్మ మొగుడు దివిసీమలో రొయ్యల వ్యాపారం చేసి కారు కొన్నప్పుడు, తన పడవలకి రంగులేసే మనిషి చేతనే చక్రాల పైన అలలు గీయించాడు. "కారుని కృష్ణలోకి దింపుతావా బావా?" అని ఇంటిల్లిపాదీ నవ్వారు. కాశీరావు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఒరే కాశీ, ఇది బావ బండి."

వాడు ఊడిపడ్డ పెచ్చుని కాలితో పక్కకి నెట్టాడు.

"ఉప్పెన తగ్గాక నువ్వేగా వెళ్ళింది? ఇల్లు లేదు, బండి లేదు, అక్కాబావా కనపడలేదు అన్నావు. బండి కనపడిందిగా. మరి అక్క?"

"వదిలెయ్ అక్కా..."

"చెప్పరా!"

"గట్టు మీద వరసగా పడుకోబెట్టారు. పెద్దక్కనీ, బావనీ చూశా. మా మనుషులని చెప్తే బావ తమ్ముళ్ళకి కబురెళ్ళుద్ది. బండి వాళ్ళు పట్టుకెళ్తారు. అందుకని..." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవరూ లేనివాళ్ళతో కలిపి తగలబెట్టేశారు."

దానమ్మ బతికే ఉందని గంగారత్నం ఇన్నాళ్ళూ నమ్మింది. కర్మ చేద్దామన్నవాళ్ళని, శవం కనపడని మనిషిని చంపడానికి మీకెన్ని గుండెలని తిట్టిపోసింది. మతి తప్పిన ఆడది ఫలానా చోట ఉందని ఎవరన్నా సరే, పరుగెత్తింది. అవనిగడ్డ వెళ్ళింది, బందరు వెళ్ళింది, రేపల్లె వెళ్ళింది. అక్క కోసం అక్క కారులోనే వెతికింది. ఆ కారు నడిపింది వీడు. ప్రతిసారీ తిరుగుదారిలో "ఈసారి దొరుకుద్దిలే అక్కా" అని సోడా తాగించింది వీడు. చచ్చిన అక్కని అనాథని చేసినందుకు కడుపు రగిలింది. బతికున్న తనని ఏడాదిన్నర ఆశపెట్టి తిప్పినందుకు అంతకన్నా మండింది.

"నీళ్ళెక్కడున్నాయి?" అని అడిగింది కొండలయ్యని.

షెడ్డు వెనక కుళాయి చూపించాడు. చావు కబురు వింటే ఉన్నపళాన తలమీంచి నీళ్ళు పోసుకోవాలి. ఎంత ఆలస్యంగా విన్నా సరే. బకెట్టు నింపి, కట్టుచీరతోనే, ముడి విప్పిన జుట్టు మీద కుమ్మరించుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. "అక్కా, నా దానమ్మక్కా" అంటూ తడినేల మీద కూలబడి, చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు పనులాపి వచ్చేలా ఏడ్చింది.

కాశీరావు తువ్వాలు పట్టుకుని దగ్గరికొచ్చాడు. "లే అక్కా, ఇంటికెళ్దాం."

ఆమె లేచింది. వాడి వైపు చూడకుండా బకెట్టు మళ్ళీ కుళాయి కింద పెట్టింది.

"పోసుకున్నారుగా అమ్మా, మళ్ళీ ఎందుకు?" అన్నాడు కొండలయ్య.

"అది మా అక్కకి" అంది గంగారత్నం. "ఇది మా తమ్ముడికి."

కాశీరావు చూస్తుండగానే బకెట్టెత్తి తలమీంచి పోసుకుంది.