చేప వైపు చూస్తూ

చేపకు పొలుసు తీయకుండానే పళ్ళెంలో పెట్టి, కిటికీ దగ్గర పీట మీద ఉంచాను. పక్కన రెండు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ. పొద్దున్నే శబరి నది ఒడ్డుకు వెళ్ళి కొన్న బొచ్చె చేప అది. వండడానికి కాదు, బొమ్మ వేయడానికి. అయినా తలుపు దగ్గరకు వేశాను. చెవులు రెండూ వీధిలోనే ఉన్నాయి.

మా ఊరు కొంటాలో సాయంత్రం పూట ఆడవాళ్ళకు చదువు చెప్పే సుమన్ టీచరమ్మే నాకు రంగులు కూడా చేతికిచ్చింది. మొదట వంకాయలు ఎదురుగా పెట్టుకుని గీయమంది. బొమ్మ అయ్యేదాకా వాటిని కదపకూడదట. మర్నాడే మా మరిది లచ్చు అన్నానికి వచ్చాడు. భార్య పుట్టింటికి పోయినప్పుడల్లా అతని తిండి మా ఇంట్లోనే. ఇంట్లో కూర లేదు. వంకాయలు తరిగేశాను. టీచరమ్మ అడిగితే, "ఎలకలు ఎత్తుకపోయినయమ్మా" అన్నాను. ఆమె వంటింటి వైపు ముక్కు ఎగబీల్చి, "తాలింపు గూడ పెట్టుకున్నయా ఎలకలు?" అంది. ఇద్దరం నవ్వాం గాని నా చెంపలు మండిపోయాయి. ఎవరూ వండమని అడగలేదు. నా చేతులే ముందు లేచాయి.

"ఈసారి చేప పెట్టుకోండి. ఎండెక్కితే పాడైతది, ఒక్క పూటల అయిపోవాలె. మధ్యల లేవొద్దు" అని గట్టిగా చెప్పింది. ఇవాళ మధ్యాహ్నం బస్సుకు ఆమె సుక్మా వెళ్తోంది. అక్కడ ఒక బడిలో మా ఆడవాళ్ళ బొమ్మలన్నీ గోడకు పెడతారు. అందరివీ అయిపోయాయి, నాదే లేదు. "మీకు తెల్సిన చేపను గీయొద్దు, కనబడే చేపను గీయండి. ముందుగాల నీడ చూడండి. చెయ్యి కంటె కళ్ళు ఎక్కువ పనిచెయ్యాలె."

చేతులైతే ఎంతసేపైనా పనిచేస్తాయి. చూడడమే నాకు రాదు. పెళ్ళయిన కొత్తలో అందరికీ వడ్డించి నిలబడ్డాను. మా ఆయన పళ్ళెంలో చేపముక్క మీద నా చూపు ఎంతసేపు ఆగిందో తెలియదు. ఆకలేసి ఉంటుంది. "అట్ల గుడ్లప్పగించి చూస్తవేంది? దిష్టి తగుల్తది" అన్నాడు ఆయన. "వీళ్ళింట్ల తిండి చూడలేదు పాపం" అంది అత్త. అప్పటికి చిన్నపిల్లవాడైన లచ్చుతో సహా అందరూ నవ్వారు. అత్త గుప్పెడు ఉప్పు తీసి పళ్ళెం చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అది చిటపటలాడుతుంటే వినలేక పెరట్లోకి వెళ్ళాను. ఆ తర్వాత ఎప్పుడు వడ్డించినా గరిటె అంచునే చూశాను. ఆయన పోయాక కూడా ఎవరి పళ్ళెం వంకా చూడను. నా పళ్ళెం వంక కూడా. ముద్దలు గబగబా మింగి లేస్తాను, దొంగతనంగా తిన్నట్టు.

ఇన్నేళ్ళు చేపలు కోసిన నేను, చేప పొట్ట ఒట్టి తెలుపు కాదని ఈ రోజే చూశాను. మిరపకాయల పచ్చదనం దాని మీద పడుతోంది. మొప్ప దగ్గర లేత గులాబీ. నీడ నలుపు కాదు, నీలం. చూస్తూ చూస్తూ ఉంటే నోట్లో నీళ్ళూరాయి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఆకలితో చూస్తున్నానని తెలిసి, గదిలో ఎవరూ లేకపోయినా తల దించుకున్నాను. మళ్ళీ ఎత్తాను.

తోక మిగిలి ఉండగా లచ్చు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏంది వదినా, చేపకు పెళ్ళిచూపులా?" పళ్ళెం మీదికి వంగాడు. "మంచిగుంది. జల్ది పులుసు పెట్టు, ఆకలైతంది. ఇంకెంతసేపు చూస్తవ్, దిష్టి తగుల్తది."

కుంచె కింద పెట్టేశాను. అప్పటికే సగం లేచాను కూడా. కొంగు తడి రంగు మీద పడబోతే పట్టుకుని ఆగాను. ఎండ పీట మీదికి వచ్చేస్తోంది. ఇప్పుడు లేస్తే ఈ చేపకు తోక ఉండదు. కూర్చున్నాను.

"కుండల జావ ఉంది లచ్చూ, పోసుకో."

"మరి చేప?"

ముఖమంతా వేడెక్కింది. నోటిదాకా వచ్చిన మాట ఈ ఇంట్లో నేను ఎన్నడూ పైకి అనలేదు.

"బొమ్మ అయినంక వండుకొని నేను తింట."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. నాకు ఆకలైతంది."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. జావ కోసం ముంత వెతుక్కుంటూ లోపలికి పోయాడు. నా సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని ముఖం మీద ఉంచుకునే, తోక ఎక్కడ సన్నబడుతుందో చూడసాగాను.