గ్లెండా చెప్పిన పార్కు

భర్త పోయాక ఆర్డిస్ తన ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, ఒంటరిగా అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం దాటుతోంది. అదే దారిలో తనకంటే ఒకరోజు ముందు వెళ్తున్న స్నేహితురాలు గ్లెండా, ఇలాంటి బండ్లు ఆపుకునే పార్కుల్లో ఏది మంచిదంటే ఆర్డిస్ రాత్రికి అక్కడే ఆగేది.

"నిన్న రాత్రి అక్కడ హాయిగా నిద్రపోయానే. భయమేం లేదు," అంది గ్లెండా ఈసారి కూడా ఫోన్‌లో.

సాయంత్రం చేరేసరికి గేటు విరిగి ఉంది. స్నానాలగదికి గడియ లేదు.

"గ్లెండా గారా? ఆవిడ ఇక్కడెప్పుడూ ఆగలేదమ్మా," అన్నాడు యజమాని మామూలుగా. "మీలాంటివాళ్లని పంపిస్తారు. అందుకని కొండమీది మా పెద్ద పార్కులో ఆవిడకి ఊరికే చోటిస్తాం."

ఆర్డిస్ మళ్లీ బండెక్కింది. వెనక్కి తిప్పుతుంటే గ్లెండా ఫోన్ చేసింది.

"చేరావా? ఎలా ఉంది?"

"నిద్రపోయింది నువ్వు కదా, నువ్వే చెప్పు."

ఆర్డిస్ ఫోన్ పెట్టేసి, ఆ రాత్రికి పెట్రోల్ బంకులో లారీల మధ్య ఆగింది. ఇన్నాళ్లూ తను గ్లెండాకి థాంక్స్ చెప్పిన పార్కులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.