తీసేయవలసిన వాటి జాబితా

సీడీలో పట్టేది ఏడువందల ఎంబీ. అంతకు మించింది ఏదైనా బయటే ఉండాలి. ఈ ఒక్క సంగతి మీద కడపలో ఎనిమిది మంది పెద్దమనుషులు మూడు ఆదివారాలు కొట్లాడారు. ఇది రెండువేల ఎనిమిదిలో మాట.

సీడీ అంటే పాటల సీడీ కాదు. కంప్యూటర్లో పెట్టి స్విచ్ వేస్తే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ నడుస్తుంది. నచ్చితే ఆ సీడీ నుంచే డిస్కులోకి ఎక్కించుకోవచ్చు. దీన్ని తెలుగులో తయారు చేసి తీరాలని పట్టుబట్టినవాడు నారాయణ. మంగంపేట ముగ్గురాయి గనుల్లో లారీల తూకం చీటీలు రాసేవాడు. బడి ఎనిమిదో తరగతిలోనే వదిలేశాడు. కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నాడు, ఇంగ్లీషూ అంతే. పండితులెవరూ అతనికి నేర్పలేదు, నేర్పమని అతనూ అడగలేదు.

అంత పట్టుదలకు కారణం గురమ్మ. కొత్త కాలవ తవ్వకంలో ఆమె రెండెకరాలు పోతున్నాయి. పరిహారం విచారణకు రమ్మని మండలాఫీసు పంపిన నోటీసు ఇంగ్లీషులో ఉంది. గురమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది, తెలుగు గడగడా చదువుతుంది. ఇంగ్లీషు కాగితాన్ని ఎరువుల అంగడివాడికి చూపిస్తే, రేషన్‌ది ఏదో అయ్యుంటుందిలే అన్నాడు. ఆమె దాన్ని దేవుడి పటం వెనక దాచింది. విచారణ జరిగిపోయింది. రికార్డులో ఆమె భూమి "బావి లేనిది" అయింది. బావి లేదంటే పరిహారమూ తక్కువే. బావి మాత్రం ఉన్నచోటే ఉంది, నీళ్ళతో సహా. ఇలాంటివాళ్ళు పన్నెండు మంది తేలారు. వాళ్ళకు రెండో విచారణ పెట్టారు. ఇంకో విచారణ ఉండదన్నారు.

"ఈసారి నీకు అర్థమయ్యే అచ్చరాల్లో వస్తాది అక్కా. నాది పూచీ," అన్నాడు నారాయణ.

ఆ పూచీ పట్టుకుని అందరూ వేణుగోపాల్ అంగడిలో కూర్చున్నారు. వేణుగోపాల్ తాత బెల్లం, చింతపండు అమ్మిన గదిలోనే అతను ఇప్పుడు కంప్యూటర్లు అమ్ముతున్నాడు. సీడీ తయారు చేసే చేయి అతనిదే. సీడీలో ఏ ప్యాకేజీలు, అంటే ఏ ప్రోగ్రాములు ఉండాలో ఒక జాబితా ఉంటుంది. వరసకు ఒక పేరు. తెలుగు అక్షరాలు, తెలుగు కీబోర్డు, తెలుగు మెనూలు చేర్చాలంటే ఇంకేవో పోవాలి.

"పేకాట తీసెయ్," అన్నాడు నారాయణ. "ఆఫీసుల్లో పని చేసేదానికి ఇస్తాండామా, ఆడుకునేదానికా?"

"పేకాట లేకుంటే ఏ గుమాస్తా పెడతాడప్పా మన సీడీ?" అన్నాడు ఒక రిటైర్డు పంతులు. "అది తీస్తే నేను ఈ పొద్దే రాజీనామా."

చేతులెత్తించారు. ఆరు చేతులు పేకాటకు, రెండు నారాయణకు. పేకాట నిలిచింది. చైనీసు, అరబ్బీ, రష్యను భాషలు పోయాయి. వాటి మీద ఓటింగు జరగలేదు. వాటి తరఫున మాట్లాడేవాళ్ళు ఆ గదిలో లేరు.

మూడో ఆదివారం అందరూ బజ్జీలకు పోయాక వేణుగోపాల్ నారాయణను ఆపాడు.

"అన్నా, ఇంగో చిన్న జాబితా ఉండాది. డిస్కులోకి ఎక్కించినాక తీసేయవలసినవి. ఎక్కించేటప్పుడు ఏ భాష ఎంచుకుంటే అది మిగులుతాది, తక్కిన భాషలన్నీ అదే తుడిచేస్తాది. తెలుగు గూడా ఆ జాబితాలో ఉండాది. ఆ వరస కొట్టేస్తే, ఏది ఎంచుకున్నా తెలుగు మిగులుతాది. కొట్టేద్దునా?"

"వద్దు. ఎవురి మీదా ఏ భాషా రుద్దగూడదు. నేను పంచిన కరపత్రంలో రాసిండేదే అది. అయినా మన సీడీ పెట్టి, తెలుగు గాకుండా ఇంగోటి ఎంచుకునే తలమాసినోడు ఎవుడుంటాడు?"

ఆ వరస అలాగే ఉండిపోయింది.

సోమవారం పదకొండింటికి మండలాఫీసు. ఆ మండలం పేరు చెప్పను, చెప్పినా పక్క మండలానికి తేడా ఉండదు. తహసీల్దారు ముందే షరతు పెట్టాడు: "మా మిషన్లో ఎక్కించు. మా సుచరిత చేత ఒక్క నోటీసు తెలుగులో తీయించు. పన్నెండూ తెలుగులోనే పంపుతాను. లేదంటే ఇంగ్లీషువి పొద్దున్నే తీసి పెట్టాం. ఐదింటికి తలారి తీసుకెళ్ళిపోతాడు."

నారాయణ సీడీ పెట్టాడు. తెర మీద తెలుగు వచ్చింది. టైపిస్టు సుచరిత పది నిమిషాలు తడుముకుని, గురమ్మ పేరు కొట్టింది. తర్వాత గంటకు పైగా కూర్చుని నోటీసంతా కొట్టి, పెన్‌డ్రైవులో దాచింది. వెనక నిలబడిన గురమ్మ వంగి చదివింది.

"పద్నాలుగో తేదీ పది గంటలకు, బావి కాగితాలతో... ఓయమ్మ! ఇంతేనా? దీనికా నా కొంప ముంచినారు?"

"ప్రింటు తీద్దాం సార్," అన్నాడు నారాయణ.

"సీడీ మీద తిరిగేదాన్ని నేను నమ్మను. ముందు లోపల ఎక్కించు," అన్నాడు తహసీల్దారు.

ఎక్కించడం మొదలుపెట్టగానే భాషల పట్టీ వచ్చింది. నీలం గీత తెలుగు మీదే ఉంది. ఒక మీట నొక్కితే చాలు. సరిగ్గా అప్పుడే తహసీల్దారు కళ్ళద్దాలు సర్దుకుని అడిగాడు:

"ఏమయ్యా, దీనికి ఇంగ్లీషు రాదా?"

అడిగింది కంప్యూటర్ గురించే. నారాయణ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఎనిమిదో తరగతి దగ్గర్నుంచి ఆ ప్రశ్న అతని వెంట తిరుగుతూనే ఉంది.

"ఎందుకు రాదు సార్!" అన్నాడు. నీలం గీతను పైకి జరిపి, ఇంగ్లీషు మీద నిలిపి, టప్పున నొక్కాడు.

నలభై నిమిషాల తర్వాత మిషను లేచింది. ఇంగ్లీషు తళతళలాడుతోంది. సుచరిత కీబోర్డులో తెలుగు కోసం వెతికింది. లేదు. పెన్‌డ్రైవులో నోటీసు తెరిచింది. వరసలు వరసలుగా చిన్న చిన్న డబ్బాలు.

"ఇవి యాడి అచ్చరాలప్పా?" అంది గురమ్మ. "కిటికీల మాదిరి ఉండాయి."

నారాయణకు ఆ చిన్న జాబితా గుర్తొచ్చింది. ఇంగ్లీషు ఎంచుకోగానే అది తెలుగును తుడిచేసింది. "సార్, ఇంగొక్కసారి ఎక్కిస్తా. నలభై నిమిషాలు."

గడియారం రెండు కావస్తోంది. తహసీల్దారు కుర్చీ జరుపుకుని మౌసు పట్టుకున్నాడు. "ఎందుకయ్యా చెడగొట్టడం? ఎంత వేగంగా ఉంది! వైరస్ గోల లేదంటున్నావు. ఆఁ, పేకాట కూడా ఉందే!"

"సార్, తెలుగు..."

"ఒకసారి ముట్టుకున్నావు, చాలు. దీన్ని ఇక ముట్టుకోనివ్వను."

రెండింటికి కరెంటు పోయింది. ఆరింటిదాకా రాదు. తహసీల్దారు సొరుగులోంచి పన్నెండు ఇంగ్లీషు నోటీసులు తీసి, కిటికీ వెలుగులో సంతకాలు పెట్టాడు.

నారాయణ తలారిని ఆఫీసు మెట్ల మీద ఆపాడు. కాగితాలు తొడ మీద పెట్టుకుని, ఒక్కొక్క దాని వెనక బాల్‌పెన్నుతో తెలుగులో రాశాడు. ఎవరు రావాలి, ఎప్పుడు రావాలి, ఏం తేవాలి. పన్నెండుకూ కలిపి అరగంట కూడా పట్టలేదు. గురమ్మ తనది అక్కడే తీసుకుని చదువుకుంది.

"ఇది ముందే రాసుంటే అయిపోయేది గదా నారాయణా? మూడు ఆదివారాలు ఏం చేస్తాంటిరి?"

"బజ్జీలు తింటాంటిమి అక్కా."

లోపలి నుంచి తహసీల్దారు కేక: "నారాయణా! ఆ ఇంగ్లీషు సీడీలు ఇంకో మూడు తెచ్చిపెట్టవయ్యా. పక్క మండలాలవాళ్ళకు ఇస్తాను."

మర్నాడు పొద్దున్నే నారాయణ కడప బస్సు దిగి, నేరుగా వేణుగోపాల్ అంగడికి పోయాడు.

"ఆ వరస కొట్టెయ్యి," అన్నాడు.

"రుద్దగూడదంటివి గదన్నా?"

"ఏ భాషయినా ఎంచుకోనీ, ఎవురొద్దన్నారు? ఇది మూలకన్నా పడుండాల."

"మన సీడీ పెట్టి ఇంగ్లీషు ఎంచుకునే తలమాసినోడు ఎవుడుంటాడంటివే?"

నారాయణ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "నోరు మూసుకోని కొట్టెయ్యి. నేను కండ్లారా సూడాల."

వేణుగోపాల్ ఆ వరస కొట్టేశాడు. మూడు సీడీలు తయారయ్యాయి. పక్క మండలాలకు పోయాయి, ఇంగ్లీషు సీడీలన్న పేరుతోనే.

పద్నాలుగో తేదీ పదింటికి పన్నెండు మందీ వచ్చారు. గురమ్మ బావి కాగితాల మీద నోటీసును తెలుగు వైపు పైకి పెట్టి బల్ల మీదికి తోసింది. విచారణ అధికారి దాన్ని ఇంగ్లీషు వైపుకు తిప్పాడు. ఆమె మళ్ళీ తెలుగు వైపుకు తిప్పింది. ఆయన మళ్ళీ తిప్పాడు.

"తిప్పుకో సామీ, యా పక్కయినా తిప్పుకో," అంది గురమ్మ. "బావి మాత్రం రాసి తిప్పు."

రాశాడు. ఇంగ్లీషులో.