వెనక్కి జరిగే స్టేషన్

పొద్దున లేవగానే స్టేషన్ మాస్టరు తలుపు తీసి, పట్టాలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకునేవాడు. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం.

పక్కనున్న కొండలో రాయి తీసే రోజుల్లో కట్టిన స్టేషన్ అది. అప్పట్లో ప్రతి బండీ ఆగేది. రాయి అయిపోయింది, క్వారీ మూతపడింది. మొదటిసారి ఒక ఎక్స్‌ప్రెస్ ఆగకుండా దూసుకుపోయిన రోజున స్టేషన్ భవనం జానెడు వెనక్కి జరిగింది. ఆ తర్వాత ఆగని బండి వెళ్ళినప్పుడల్లా ఇంకాస్త. "పాపం, నామోషీ" అని ఊరివాళ్ళు సరిపెట్టుకున్నారు. జరిగి జరిగి అది మొక్కజొన్న చేలోకి పోయింది. "సార్, మీ స్టేషన్ నా గట్టు దాటింది, కాస్త అదుపులో పెట్టుకోండి" అని చేను గలాయన గొణుగుతుండేవాడు.

ఇప్పుడు ఆగేది ఒక్క ప్యాసింజరు బండే. పొద్దున పోయి సాయంత్రం తిరిగొస్తుంది. మాస్టరు మాత్రం అక్కకి ఫోన్లో "పెద్ద జంక్షనక్కా, ఊపిరి తీసుకోడానికి తీరిక ఉండదు" అని చెప్పుకున్నాడు. అమ్మ పోయాక మిషను తొక్కి, ఊరందరి బట్టలూ కుట్టి అతన్ని చదివించింది ఆ అక్క.

ఒకరోజు పొద్దున బండిలోంచి అక్క దిగింది. చెప్పాపెట్టకుండా వచ్చింది. కిటికీలోంచి చూసిన మాస్టరు గబుక్కున పక్కకి తప్పుకున్నాడు.

"నేను బదిలీ అయిపోయానని చెప్పండి" అన్నాడు టికెట్లిచ్చే ఆవిడతో.

"సొంత అక్కగారితోనా సార్?"

"దండం పెడతాను, చెప్పండి."

తలుపు వెనక నిలబడి అంతా విన్నాడు.

"అలాగా అమ్మా" అంది అక్క. "పెద్ద ఉద్యోగం కదా, ఎక్కడికి వేస్తే అక్కడికి పోవాలి. నాకు కళ్ళు మసకబారిపోతున్నాయి. చూపు పూర్తిగా పోకముందు వాడి మొహం ఒకసారి చూసిపోదామనుకున్నాను."

సాయంత్రం దాకా ఆవిడ వరండాలోనే కూర్చుంది. లోపల మాస్టరు తలుపు దాకా వస్తూ పోతూ ఉన్నాడు. గడియ మీద చెయ్యి వేయడం, తీసేయడం. బయటికెళ్ళి ఏ మొహం పెట్టుకుని పలకరిస్తాడు?

బండి వచ్చింది. అక్క చేను గట్టు తడుముకుంటూ నడిచి వెళ్ళి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. మాస్టరు పచ్చజెండా అందుకున్నాడు. గదిలోంచే ఊపేస్తే సరిపోతుందనుకున్నాడు.

అప్పుడు స్టేషన్ కదిలింది. ఈసారి ముందుకి. మొక్కజొన్నలు పక్కకి ఒరిగాయి, భవనం ప్లాట్‌ఫారం మీదకెక్కి తిన్నగా బండి వైపు వచ్చింది. "నెమ్మది, నెమ్మది, పెట్టె గీసుకుంటుంది!" అని గార్డు కేకేశాడు. మాస్టరు గది కిటికీ సరిగ్గా అక్క కిటికీకి ఆనుకుని ఆగింది.

అక్క చెయ్యి చాచి ఎదురుగా ఉన్న మొహాన్ని తడిమింది. ఎవరో తెలిశాక ఆ చెయ్యి కాసేపు కదల్లేదు.

"ఇది జంక్షన్ కాదక్కా" అన్నాడు.

"కనిపిస్తూనే ఉందిరా. ఆ మాత్రం చూపు ఇంకా ఉంది."

బండి కూత వేసింది. అక్క లేచి, "చిక్కిపోయావు" అంటూ పెట్టె తలుపులోంచి నేరుగా వరండాలోకి అడుగుపెట్టింది. మాస్టరు చెయ్యి అందించాడు గానీ తల ఎత్తలేకపోయాడు.

ఆవిడ మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. కళ్ళు పనిచేసినన్నాళ్ళూ పొద్దున్నే తమ్ముడి మొహమే మొదట చూసేది. అతను మాత్రం ఏ రోజూ ఆ చూపుకి ఎదురు నిలవలేక కళ్ళు దించుకునేవాడు.