మొక్కినంక లేవని బండి

తెల్లవారగానే లచ్చవ్వ స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకొని, పసుపు కుంకుమల పళ్లెంతో వాకిట్లోకి వస్తుంది. వాకిట్లో తెల్ల కారు ఉంటుంది. దాని ముందు అగరొత్తి ముట్టించి, బానెట్ మీద బొట్టు పెట్టి, రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకుంటుంది. ఈ ఇంటి నుంచి బండెక్కి పోయి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటుంది. ఎడ్లబండి మీద వరంగల్‌కు పత్తి తోలిన మామ కాటమయ్యతో మొదలుపెట్టి, ఈ కారు కొన్న చిన్నకొడుకు వేణు దాకా వస్తుంది. పేర్లన్నీ అయ్యేదాకా కోడలు మంజుల తాళంచెవి ముట్టదు. నెల్లికుదురులో వాళ్లింటి పద్ధతి అది.

వేణు జ్వరంతో పోయినప్పటి నుంచి లచ్చవ్వ అరచేతులు పొయ్యి మీది పెనంలా ఉంటాయి. చివరి గడియలో కొడుకు ఒంటి మీద వేసిన చేతులు మళ్లీ చల్లారలేదు. వాడకట్టులో పసిపిల్లలకు జలుబు చేస్తే ఆమె దగ్గరికే తెస్తారు. ముసురు పట్టిన రోజుల్లో ఆరని బట్టలు ఆమె ఒడిలో వేసి ఎవరి పనికి వాళ్లు పోతారు.

కారు ఇప్పుడు వేణు భార్య మంజుల నడుపుతుంది. మహబూబాబాద్‌లో రైలెక్కేవాళ్లు, దవాఖానకు పోయేవాళ్లు అంతా ఆమె బండికే చెప్పుకుంటారు. ఇల్లు నడిచేది దానితోనే. ఎండాకాలమంతా ఏ పేచీ పెట్టని బండి, చలికాలం వచ్చేసరికి మొరాయించింది. సెల్ఫ్ కొడితే గుర్రు గుర్రుమని దగ్గుతుంది, లేచినట్టే లేచి పడిపోతుంది. పొద్దెక్కినంక మాత్రం ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

ఒకనాడు సారయ్య దుప్పటి కప్పుకొని వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయనకు డయాలిసిస్. బండి దగ్గుతూనే ఉంది.

"బిడ్డా, నా వంతు పోతదేమో జర చూడు" అన్నాడు నెమ్మదిగా.

వంతు పోయింది. సాయంత్రం దాకా ఆయన దవాఖాన వరండాలోనే పడుకున్నాడు.

ఆ కబురు పక్క సందులో ఉండే లచ్చవ్వ పెద్దకొడుకు రాజేందర్‌కు అందింది. మరునాడు చీకటి విడవకముందే, లచ్చవ్వ ఇంకా స్నానానికి పోకముందే వచ్చి, గూట్లో ఉన్న తాళంచెవి తీసి సెల్ఫ్ కొట్టాడు. బండి ఒక్క దెబ్బకు లేచింది. పాలకు వచ్చినవాళ్లంతా చూశారు.

"చూసిన్రా? బండిల దోషం లేదు. అది ఆడమనిషి చేతికి లేస్తలేదు" అన్నాడు. "ఆదివారం నేనే తీస్కపోత. డ్రైవర్‌ను పెడత. నువ్వు పత్తి ఏర పో మంజులా, హాయిగుంటది."

"నా చేతుల దోషం లేదు బావా. ఏడున్నదో నేను తీస్త."

"ఏం తీస్తవు? ఇంజనా?"

పాలకు వచ్చినవాళ్లు నవ్వారు. మంజుల నవ్వలేదు, కళ్లు దించలేదు కూడా.

మహబూబాబాద్‌లో మెకానిక్ జాల్యా షెడ్డు ఉంది. అతను బ్యాటరీ చూశాడు, ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు విప్పాడు. బండిని అక్కడే ఉంచుకుంటే తెల్లారి చలిలో కూడా వెంటనే లేచింది.

"బండికి ఏ రోగం లేదు చెల్లె."

"అంటే రోగం నాకున్నదా అన్నా? ఈడ లేస్తది, మా బావకు లేస్తది. నాకే ఎందుకు లేవదు? నువ్వు మా ఇంటికొచ్చి చూడు."

జాల్యా బండి రోగం చెప్పే మిషన్ పట్టుకొని తెల్లవారుజామునే వచ్చాడు. లచ్చవ్వ మొక్కు అయ్యేదాకా చేతులు కట్టుకొని నిలబడి, తర్వాత మిషన్ తగిలించాడు.

"ఇదేంది? ఇంజన్ మస్తు కాగున్నదంటున్నది. అద్దాల మీదనేమో మంచున్నది. కాగున్నదనుకొని పెట్రోలు తక్కువిస్తున్నది, అందుకే దగ్గు. వేడి చెప్పే సెన్సార్ అబద్ధమాడుతున్నది చెల్లె."

కొత్త సెన్సార్ వేశాడు. మరునాడు మొక్కు అయ్యాక అదీ అదే మాట చెప్పింది.

జాల్యా తల గోక్కుంటూ కూర్చున్నాడు. మంజుల కారు చుట్టూ తిరిగింది. బానెట్ అంతా మంచు పట్టి తెల్లగా ఉంది. దాని మీద రెండు అరచేతుల మేర మాత్రం పొడిగా, వేళ్లతో సహా అచ్చు గుద్దినట్టు ఉంది. బానెట్ లేపింది. ఆ అచ్చులకు సరిగ్గా కిందనే ఉంది సెన్సార్.

"జాల్యన్నా, ఇది నిజమే చెప్తున్నది. మా అత్తమ్మ చేతుల వేడి దీనికి దిగుతున్నది. ఇంజన్‌కేమో అందుతలేదు."

"అవ్వ చేతులా!" జాల్యా నుదురు కొట్టుకున్నాడు. "ఈ ముచ్చట మొదలే చెప్పద్దా? ఉత్తపుణ్యానికి సెన్సార్ మార్పిస్తివి!"

లచ్చవ్వ పళ్లెం పట్టుకొని గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది.

"నేనే నీకు అడ్డం పడ్డనా బిడ్డా?"

"అడ్డమేంది అత్తమ్మా. మొక్కు మానకు. నేను ముందుగాల బండి లేపుత, నువ్వు తర్వాత మొక్కు."

లచ్చవ్వ ఆ రోజంతా దేవుని గూటి ముందే కూర్చుంది.

ఆదివారం రాజేందర్ పెందలాడే వచ్చాడు. అయినా లచ్చవ్వ అప్పటికే స్నానం చేసి వాకిట్లో నిలబడి ఉంది. సారయ్య కర్ర పట్టుకొని, వాడకట్టు జనమంతా దుప్పట్లు కప్పుకొని వచ్చారు.

"ఆగు కొడకా. మొక్కకుంట బండి ఎట్ల తీస్తవు?"

అంతమందిలో వద్దనలేక రాజేందర్ సీట్లో కూర్చున్నాడు. లచ్చవ్వ అరచేతులు ఆనించి కళ్లు మూసుకుంది. పేర్లు మొదలయ్యాయి. ఎప్పుడూ తలవని మేనత్తల పేర్లు కూడా వచ్చాయి. కాటమయ్య ఎడ్ల పేర్లూ, ఆ ఎడ్ల తల్లుల పేర్లూ వచ్చాయి. బానెట్ మీద మంచు ఆవిరై లేచింది.

"ఇగ తియ్యి నాయినా."

రాజేందర్ సెల్ఫ్ కొట్టాడు. గుర్రు గుర్రు. మళ్లీ కొట్టాడు. దగ్గి పడిపోయింది. ఆ చలిలో అతని మెడ మీద చెమట పట్టింది.

"ఏం రాజేందరూ, నువ్వు కూడా ఆడమనిషివైనవా ఏంది?" అన్నాడు సారయ్య. జనం గొల్లుమన్నారు.

మంజుల బానెట్ లేపి, చన్నీళ్లలో తడిపిన తువ్వాలను సెన్సార్ మీద వేసింది. కాసేపు అట్లాగే ఉంచి, తువ్వాల తీసి, బానెట్ దించింది.

"దిగు బావా."

దిగాడు. ఆమె కూర్చొని తాళం తిప్పింది. ఇంజన్ దగ్గకుండా, ఆగకుండా లేచింది.

"ఏం చేసినవ్?"

"రిపేరు" అంది మంజుల. సారయ్య కోసం వెనక తలుపు తెరిచింది.

రాజేందర్ తల్లి వైపు తిరిగాడు. "నీకు తెలిసే చేసినవా అమ్మా?"

లచ్చవ్వ పళ్లెంలో పసుపు సర్దుకుంటోంది. "దేవునికి మొక్కిన కొడకా" అంది మెల్లగా. "ఎవల చేతికి ఇయ్యాల్నో ఆయనే ఇచ్చిండు."

ఆ రోజు నుంచి ఆ ఇంటి పద్ధతి కొంచెం మారింది. ముందు బండి లేస్తుంది, ఆ తర్వాతే లచ్చవ్వ చేతులు దాని మీద పడతాయి. ఎవరైనా వచ్చి, మంజుల దగ్గర తాళంచెవి తీసుకుంటామంటే మాత్రం లచ్చవ్వ కాదనదు. ముందుగా తానే మొక్కి ఇస్తానంటుంది.

ఇంతవరకూ ఎవరూ అడగలేదు.