కొయ్యని గడ్డి

నీళ్ల ట్యాంకు గుట్ట మీద నాలుగెకరాల గడ్డి కోసే ఉద్యోగం ఆయనది. చేతికింద పనిచేసేవాళ్లు ఒక్కరూ లేకపోయినా అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు, ఆయనా కాదనలేదు. నెలకోసారి గడ్డి కోయాలి, కోసినట్టు రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి, పక్కన ఇంజినీరు గారు "చూశాను" అని రాసి ఇంకో సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్లలో ఆ సంతకాలు ఒక్క నెల కూడా తప్పలేదు.

కోతల సంగతి వేరు. వానాకాలంలో తడి గడ్డి మిషను బ్లేడుకు చుట్టుకుంటుంది. వానలు వెలిశాక గడ్డి గింజలు ప్యాంటుకు అంటుకుంటాయి. చలికాలంలో మేస్త్రికి నడుంనొప్పి. అందుచేత ఎండలు ముదిరాక, ఏడాదికోసారి జరిగే తనిఖీకి వారం ముందు, ఎండుగడ్డి మొత్తం ఒక్క ఊపులో నున్నగా గొరిగేసేవాడు. మిగతా రోజుల్లో పంపుహౌసు నీడన పడుకునేవాడు. ఆ పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టడానికి లేదు.

ఒక వానాకాలం ఆ గుట్ట మీదికి మొక్కల మేడమ్ వచ్చింది. యూనివర్సిటీలో మొక్కల శాస్త్రం చెప్పే మనిషి. వచ్చీ రాగానే తడి గడ్డిలో బోర్లా పడుకుంది. మేస్త్రి హడలిపోయి నీళ్ల సీసాతో పరిగెత్తాడు.

"కళ్లు తిరిగాయా అమ్మా?"

"లేదండీ, దొరికింది!" అంది ఆవిడ. ఆవిడ ఏడుస్తోంది.

దొరికింది జానెడు మొక్క. మూడేసి ఆకులు, పెసరబద్దంత పసుప్పచ్చ పువ్వు, గంట్లు గంట్లుగా చిన్న కాయ. కందికీ పెసరకీ చుట్టమే గాని, కూరకీ నారకీ పనికిరాని చుట్టం. అరవై ఏళ్లుగా ఎవరి కంటా పడలేదట. మేడమ్ నాలుగు రోజులు గుట్టంతా పాకి లెక్కపెడితే నలభై ఒకటి తేలాయి. మేస్త్రి ఇన్నేళ్లూ వాటిని తొక్కుకుంటూనే తిరిగాడు.

అన్నిచోట్లా పోయిన మొక్క ఇక్కడే ఎందుకు మిగిలిందో తెలుసుకోవాలని ఆవిడ రిజిస్టర్లు అడిగింది. ఇంజినీరు గారు దుమ్ము దులిపి మరీ ఇచ్చారు. రెండు వందల అరవై నాలుగు కోతలు, ఒక్క ఖాళీ లేదు.

"మరి గడ్డి మోకాళ్ల దాకా ఉందేం?" అని మేడమ్ అడిగింది.

"వానలకి ఎంత కోసినా ఆగదమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూళ్లేదు మేస్త్రి గారూ. మీరు నెలనెలా కోస్తున్నారు కాబట్టే గడ్డి దీన్ని మింగలేదు."

మేస్త్రి తల గోక్కున్నాడు. పెద్దవాళ్లు పొగుడుతుంటే మధ్యలో అడ్డు రావడం బాగుండదనుకున్నాడు.

ఆ మంచితనం ఆయన నెత్తికే చుట్టుకుంది. పద్ధతి ఎక్కడా మారకూడదని మేడమ్ పైనుంచి ఆర్డరు తెప్పించింది. ప్రతి ఒకటో తారీకునా తనే వచ్చి పక్కన నిలబడేది. మేస్త్రి జన్మలో మొదటిసారి నెలనెలా గడ్డి కోశాడు. వానాకాలంలో బ్లేడు కింద పసుప్పచ్చ మొగ్గలు తెగి పడుతుంటే చూశాడు. మరుసటేడు మొక్కలు పదిహేడు. ఆపై సంవత్సరం మూడే.

మేడమ్ మిషను ఆయిల్ని అనుమానించింది, చీమల్ని అనుమానించింది, ట్యాంకు నీళ్లని పరీక్షకి పంపింది. చివరికి ట్యాంకు మెట్ల మీద కూలబడింది.

"నా కంట పడ్డాకే చచ్చిపోతోందండీ. ఏం తప్పు చేశానో తెలియడం లేదు."

తెలిసినవాడు పక్కనే నిలబడి మిషను తుడుచుకుంటున్నాడు. ఆ రాత్రి ఆయనకి ముద్ద దిగలేదు. విషయం విన్న భార్య నెత్తి కొట్టుకుంది.

"ఇంకా రెండేళ్లే కదా సర్వీసు, నోరు మూసుకుని ఉండండి. పిచ్చి మొక్క కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా?"

వారం రోజులు నోరు మూసుకునే ఉన్నాడు. ఇక వల్లకాలేదు.

"అవి దొంగ సంతకాలమ్మా," అన్నాడు మేడమ్‌తో. "ఏడాదికి ఒక్కసారే కోసేవాణ్ణి. కాయలన్నీ రాలిపోయాక."

మేస్త్రి తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆవిడ నోట్‌బుక్ తీసింది.

"ఏ నెలలో?" అంది.

ఇద్దరూ ఇంజినీరు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన అంతా ఓపిగ్గా విన్నారు.

"మేస్త్రి సంతకం అబద్ధమైతే పక్కన నాదీ అబద్ధమే కదండీ. నా ముందు పనిచేసిన ఆరుగురివీ అంతే. అందులో ఒకాయన ఇప్పుడు మన పెద్దాఫీసరు." ఆయన రిజిస్టరు మూసేశారు. "కాబట్టి రిజిస్టరే నిజం. రేపు ఒకటో తారీకు. కొయ్యి మేస్త్రీ."

మర్నాడు మేస్త్రి మిషను మోసుకుని గుట్టెక్కాడు. మూడు మొక్కలూ మొగ్గ మీద ఉన్నాయి. కాసేపు చూసి మిషను మోసుకుని దిగిపోయాడు. రిజిస్టరు తెరిచి, "ఈ నెల గడ్డి కొయ్యలేదు, వచ్చే నెలా కొయ్యను" అని రాసి సంతకం పెట్టాడు. ఆ పుస్తకంలో కొయ్యలేదని రాసిన మొదటి నెల అదే.

మధ్యాహ్నానికల్లా సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. విచారణ తేలేదాకా ఇంకొకర్ని వెయ్యకూడదని రూలు కాబట్టి గడ్డి కోసే దిక్కు లేకపోయింది. ఎండలు ముదిరాక, ఉద్యోగం లేని ఆ మనిషి ఇంట్లో కొడవలి పట్టుకెళ్లి నాలుగెకరాలూ ఒంగి కోశాడు. దానికి ఎక్కడా సంతకం పెట్టలేదు.

మళ్లీ వానలు పడ్డాక విచారణ ముగిసింది. రుజువైన నేరం ఒక్కటే: ఒక నెల గడ్డి కొయ్యకపోవడం. శిక్ష, ఉద్యోగం నుంచి తొలగింపు.

ఆ కాగితం వచ్చిన రోజే మేడమ్ బురద చెప్పులతో ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"ఇరవై తొమ్మిది మేస్త్రి గారూ! మట్టిలో పాత గింజలు మిగిలే ఉన్నాయి!"

మేస్త్రి కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆనందమో దుఃఖమో విడదీసుకునే ఓపిక ఆయనకి లేదు. భార్య ఆ కాగితాన్ని మడిచి అలమారలో పెట్టింది. ఆయన్ని చూసింది, మేడమ్‌ని చూసింది. దండెం మీది గొడుగు తీసి చెప్పులు వేసుకుంది.

"పదండమ్మా," అంది. "మా ఆయన ఉద్యోగం తినేసిన మొక్క మొహం నేనూ చూడాలి."