నోరు మూయని పాఠాలు

గురువారం పదింటికి స్కాట్లాండ్ ఫెర్రీ కంపెనీ వాళ్లు నన్ను వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు. ఇంజన్ మెకానిక్ ఉద్యోగం. అది రాకపోతే నాకు బావమరిది పందుల ఫారమే గతి. పందులతో పేచీ లేదు. బావమరిదితోనే.

నా ఇంగ్లిష్ సరిదిద్దే పని పై అంతస్తు క్లైవ్ నెత్తిన వేసుకున్నాడు. ఇంగ్లండ్ వదిలి మా మంచుదేశపు రేవు ఊరు కోట్కాలో స్థిరపడ్డ పాత ఓడ వంటవాడు. అపార్ట్‌మెంటు వాళ్లందరి ఆవిరిస్నానాల గది సౌనాలో బుధవారం సాయంత్రం ఆరింటి వంతు నాది. పాఠాలు అక్కడే, ఇద్దరం దిగంబరంగా, చెమటలు కక్కుతూ.

చివరి బుధవారం పరీక్ష పెట్టాడు. "నిన్న ఏం చేశావు, ఇల్పో?"

"పంపు విప్పాను."

"తర్వాత?"

"బిగించాను."

క్లైవ్ కాలే రాళ్ల మీద నీళ్లు కుమ్మరించాడు. "తప్పు ఒక్కటీ లేదు బాబూ. కానీ ఇది కబుర్లు చెప్పడం కాదు, పోలీసులకు వాంగ్మూలమివ్వడం. మావాళ్లు రెండు క్షణాల నిశ్శబ్దం భరించలేరు. వాతావరణం గురించి ఏదైనా వాగు."

"వాన పడుతుంటే వాళ్లకీ కనిపిస్తుంది కదా పెద్దాయనా."

"కనిపించినా చెప్పాలి."

"ఎందుకు?"

"నువ్వు బతికే ఉన్నావని తెలియడానికి."

పదకొండు వాక్యాలు బట్టీ పట్టించాడు.

గురువారం తెర మీద మోరాగ్ అనే ఆవిడ ప్రత్యక్షమైంది. క్లైవ్ ఆమెకు కనబడకుండా లాప్‌టాప్ వెనక నిలబడ్డాడు.

"ఇవాళ వాతావరణం ఎంత బాగుందో," అన్నాను. నా వెనక కిటికీలో మంచు తుఫాను. ఆవిడ నవ్వింది.

పంపుల గురించి అడిగింది. చెప్పాను. తల ఊపింది.

"ఉద్యోగం మీదే. నాలుగు వారాలు ఓడలో, రెండు వారాలు ఇంట్లో. సరేనా?"

పెద్ద ప్రశ్నకు ఠక్కున జవాబిచ్చేవాణ్ణి మా ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆలోచించాను. క్లైవ్ నీళ్లలో మునిగేవాడిలా చేతులు ఊపుతున్నాడు.

"కష్టమే, ఒప్పుకుంటాను," అందావిడ. "పోనీ మూడు వారాలు ఓడలో, మూడు ఇంట్లో."

ఇది కొత్త ప్రశ్న. మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి.

"సొంత కేబిన్ కూడా ఇస్తాం."

క్లైవ్ చేతులు ఆగిపోయాయి. మెల్లగా పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఇంతకుమించి నా చేతుల్లో లేదండీ," అని మోరాగ్ నిట్టూర్చింది.

"సరే," అన్నాను.

తెర ఆరిపోగానే క్లైవ్ కుర్చీలో కూలబడ్డాడు. "పదకొండు వాక్యాలు నేర్పితే ఒక్కటే వాడావు. అదీ అబద్ధం."

కాఫీ పోశాను. తాగుతూ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఓడలో ఉన్న మూడు వారాలూ నీ సౌనా వంతు నాకిస్తావా?"

ఆలోచించాను.

"తుడిచి శుభ్రం చేసేదీ నేనే."

కిటికీలోంచి మంచు చూశాను.

"తిరిగొచ్చిన ప్రతిసారీ సాల్మన్ సూప్ వండిపెడతాను. ఇల్పో?"

ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.